ఆగి ఉన్న లారీని ఢీకొని మరణిస్తే పరిహారం రాదా?

ప్రశ్న: నా భర్త వయసు 38 ఏళ్ళు. సొంతంగా ఎలక్ట్రికల్ పనులు చేసుకుంటూ నెలకు 20,000 రూపాయల దాకా సంపాదించేవారు. నాలుగు నెలల క్రితం రాత్రి జాతీయ రహదారి మీద బైకుపై ఇంటికి వస్తూ, దీపాలేవీ లేకుండా నిలిపి ఉంచిన లారీని వెనుక నుంచి ఢీకొని అక్కడికక్కడే మరణించారు. పోలీసులు తప్పు ఆయనదేనని రాసి కేసు మూసేశారు. లారీ ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీది. డ్రైవరు తమకు చెప్పకుండా బండి ఆపాడని, ఇప్పుడు పని మానేసి వెళ్ళిపోయాడని కంపెనీవారు అంటున్నారు. బండి ఫిట్‌నెస్ గడువు దాటింది కనుక బీమా కూడా రాదట. 3 లక్షలు ఇస్తాం, స్టాంపు కాగితం మీద సంతకం చేయమంటున్నారు. ఇద్దరు చిన్నపిల్లలు, అత్తగారు నా మీదే ఆధారపడి ఉన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, ఆ స్టాంపు కాగితం మీద సంతకం చేయవద్దు. ఎవరి తప్పో నిరూపించే అవసరమే లేకుండా, మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 164 కింద మరణానికి 5 లక్షల రూపాయల పరిహారం ఉంది. కంపెనీ ఇస్తానంటున్న మొత్తం దానికంటే కూడా తక్కువ. అలాగని ఆ 5 లక్షలకైనా తొందరపడి ఒప్పుకోకండి. సెక్షన్ 149 ప్రకారం బీమా సంస్థ అధికారి ముందు జరిగే పద్ధతిలో ఆ మొత్తాన్ని అంగీకరిస్తే, ట్రిబ్యునల్ (ఇలాంటి పరిహారాలను తేల్చే న్యాయస్థానం) ముందు మీరు వేసిన దరఖాస్తు ఏదైనా ఉంటే అది అంతటితో రద్దవుతుంది. మీరు వెళ్ళవలసిన దారి సెక్షన్ 166 కింద మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌లో దావా వేయడం. అక్కడ ఎదుటివారి నిర్లక్ష్యాన్ని చూపించవలసి ఉంటుంది. మీరు చెప్పిన వివరాలను బట్టి అది సాధ్యమేనని నా అభిప్రాయం.

పోలీసులు మీ భర్త తప్పని రాయడం మీ దావాకు అడ్డంకి కాదు. క్రిమినల్ కేసులో కావలసినంత కచ్చితమైన రుజువు ట్రిబ్యునల్‌లో అక్కరలేదు. ఏది జరిగి ఉండడానికి ఎక్కువ అవకాశం ఉందో చూసి నిర్ణయిస్తుంది, పోలీసుల తుది నివేదికకు అది కట్టుబడి ఉండదు. వెనుక నుంచి ఢీకొన్నవాడిదే తప్పన్న లెక్క రాత్రివేళ దీపాలు లేకుండా రోడ్డు మీద నిలిచిన బండి విషయంలో పనికిరాదు. ప్రమాదం కలిగించే చోట గాని, ప్రమాదం కలిగించే స్థితిలో గాని వాహనాన్ని నిలిపి ఉంచకూడదని సెక్షన్ 122 స్పష్టంగా చెబుతోంది. 2018లో ఒక కేసులో, హెచ్చరిక దీపాలు లేకుండా రోడ్డు మీద ఆపిన గ్యాస్ ట్యాంకరును కారు ఢీకొనగా, కారు నడిపిన వ్యక్తికి కూడా తప్పులో వాటా ఉందన్న హైకోర్టు నిర్ణయాన్ని సుప్రీంకోర్టు అంగీకరించలేదు. 2024లో రహదారిపై నిలిపిన ట్రక్కు విషయంలోనూ అదే వైఖరి తీసుకుంది.

ఇక డ్రైవరు తమకు చెప్పలేదన్న వాదన. ప్రమాదం జరిగిన ప్రతిసారీ లారీ యాజమాన్యాలు వినిపించే మాట ఇది; డ్రైవరు పేదవాడు, పైగా కనిపించడు కనుక తప్పంతా అతని మీదికి నెట్టడం వారికి సులభం. ఉద్యోగి తన పనిలో భాగంగా చేసిన నిర్లక్ష్యానికి యజమాని బాధ్యుడన్నది న్యాయశాస్త్రంలో స్థిరపడిన సూత్రం. సరుకుతో బయలుదేరిన లారీని దారిలో ఆపడం ఆ పనిలో భాగమే గనుక, చెప్పి ఆపాడా చెప్పకుండా ఆపాడా అన్నది మీకు సంబంధించిన విషయం కాదు. డ్రైవరు ఎవరో తెలియదనడానికి కూడా వీల్లేదు. పోలీసు అధికారి అడిగినప్పుడు అతని పేరు, చిరునామా, లైసెన్సు వివరాలు ఇవ్వవలసిన బాధ్యతను సెక్షన్ 133 యజమాని మీదే పెట్టింది.

అయితే మీ న్యాయవాది అక్కడితో ఆగకూడదు. డ్రైవరు చేసిన తప్పుకు యజమాని జవాబు చెప్పడం ఒకటి, యాజమాన్యం ఆఫీసులో కూర్చుని స్వయంగా చేసిన తప్పు మరొకటి. ఈ రెండోదాన్ని రికార్డులోకి తెస్తేనే మీ భర్త మీద తప్పులో వాటా మోపే ప్రయత్నం బలహీనపడుతుంది. ఫిట్‌నెస్ లేని బండిని లోడుతో రోడ్డెక్కించింది డ్రైవరు కాదు. సెక్షన్ 56 ప్రకారం ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేని రవాణా వాహనాన్ని సక్రమంగా రిజిస్టరైనట్టుగా పరిగణించరు. ఎనిమిదేళ్ళు దాటిన బండికైతే దాన్ని ఏటేటా తీసుకోవాలి. వెనుక దీపాలు, రిఫ్లెక్టర్లు సరిగా ఉన్నాయో లేదో చూసేది ఆ తనిఖీలోనే. అంటే మీకు బీమా రాదని చెప్పడానికి కంపెనీ బయటపెట్టిన మాట దాని సొంత నిర్లక్ష్యానికి ఒప్పుకోలుగా పనికివస్తుంది. వారు ఆ మాటను సందేశం రూపంలో పంపి ఉంటే చెరిపేయకండి.

లోడు సంగతి కూడా చూడాలి. పరిమితికి మించిన బరువుతో బండి నడిపినప్పుడు, నడిపిన వ్యక్తి యజమాని కాకపోతే, ఆ నేరం యజమానికి తెలిసే లేదా అతని ఆజ్ఞ మీదే జరిగిందని కోర్టు భావించవచ్చని సెక్షన్ 113(4) చెబుతోంది. ఓవర్‌లోడు వల్ల టైరు పేలి గాని, యాక్సిల్ విరిగి గాని బండి ఆగిపోయి ఉంటే ఈ నిబంధన మీకు చాలా ఉపయోగపడుతుంది. డ్రైవరు నిద్ర ఆపుకోలేక బండి పక్కకు తీసి పడుకున్నాడనుకుందాం. అప్పుడు అడగవలసింది అతను అప్పటికి ఎన్ని గంటలుగా నడుపుతున్నాడని. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలన్న హద్దు మోటారు రవాణా కార్మికులకు 1961 చట్టంలోనే ఉండేది (2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక స్మృతి వచ్చింది), మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 91 కూడా డ్రైవర్ల పనిగంటల పరిమితి గురించే చెబుతుంది. రెండో డ్రైవరును ఇవ్వకుండా దూరప్రయాణానికి పంపడం యాజమాన్యం తీసుకున్న నిర్ణయం.

ఇవన్నీ నోటిమాటతో తేలవు, కాగితాలు కావాలి. లారీ ఎప్పుడు, ఎక్కడ, ఎంత బరువుతో బయలుదేరిందో ఈ-వే బిల్లు, లారీ రసీదు, కాటా చీటీ చెబుతాయి. దారిలో ఏ టోల్ గేటు ఎన్ని గంటలకు దాటిందో ఫాస్టాగ్ లెక్కలో ఉంటుంది. బండికి జీపీఎస్ ఉంటే ఆ చోట ఎంతసేపు నిలిచి ఉందో కూడా తెలుస్తుంది. వీటిని తెప్పించే అధికారం, సాక్షులను పిలిపించే అధికారం సెక్షన్ 169 కింద ట్రిబ్యునల్‌కు ఉంది. సీసీటీవీ దృశ్యాల వంటివి ఎక్కువ కాలం నిలవ ఉండవు కనుక, వాటిని భద్రపరచమని మీ న్యాయవాది ద్వారా వెంటనే నోటీసు ఇప్పించండి. పోలీసుల నుంచి ఎఫ్‌ఐఆర్, ఘటనాస్థల పంచనామా, స్కెచ్, పోస్టుమార్టం నివేదికలతో పాటు ఎంవీఐ నివేదిక, అంటే బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఇచ్చేది, నకళ్ళు తీసుకోండి. ఆ నివేదికలో లారీ వెనుక భాగం గురించి ఏమీ రాయకపోతే, ఎందుకు రాయలేదో ఆ అధికారిని సాక్షిగా పిలిచి అడగవచ్చు.

బీమా విషయానికి వస్తే, సంస్థ బాధ్యత నుంచి తప్పుకోవడానికి చూపగల కారణాలను సెక్షన్ 150(2) లెక్కపెట్టి ఇచ్చింది. లైసెన్సు లేకపోవడం, పర్మిటు షరతుల ఉల్లంఘన అందులో ఉన్నాయి గాని, ఫిట్‌నెస్ లేకపోవడం అన్న మాట విడిగా లేదు. ఫిట్‌నెస్ లేకపోతే పర్మిటు కూడా లేనట్టేనని సంస్థ వాదించవచ్చు. ఆ వాదన నెగ్గినా, బీమా సంస్థే ముందు మీకు చెల్లించి తరువాత యజమాని దగ్గర రాబట్టుకోవాలని ఆదేశించడం ఇలాంటి కేసుల్లో న్యాయస్థానాలు తరచుగా అనుసరించే పద్ధతి.

ఎంత అడగవచ్చో చెబుతాను. 2009, 2017 సుప్రీంకోర్టు తీర్పులు ఇచ్చిన సూత్రం ప్రకారం, 40 ఏళ్ళలోపు స్వయం ఉపాధివారి ఆదాయానికి భవిష్యత్ పెరుగుదల కింద 40 శాతం కలపాలి. 20,000 కాస్తా 28,000 అవుతుంది. ఆధారపడినవారు నలుగురు కనుక ఆయన సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తే 21,000, ఏడాదికి 2,52,000. 38 ఏళ్ళ వయసుకు గుణకం, అంటే ఏడాది మొత్తాన్ని హెచ్చవేయవలసిన అంకె, 15; మొత్తం 37,80,000 రూపాయలు. దీనికి అంత్యక్రియల ఖర్చు, భర్తను, తండ్రిని, కొడుకును కోల్పోయినందుకు ఇచ్చే మొత్తాలు అదనం. ఒకవేళ ట్రిబ్యునల్ మీ భర్త తప్పు 30 శాతం ఉందని తేల్చినా, ఆ 37,80,000లో మీకు 26,46,000 మిగులుతుంది. ఇదంతా ఆదాయానికి ఆధారం చూపగలిగితేనే సుమా. పని ఇచ్చిన కాంట్రాక్టర్ల సాక్ష్యం, బ్యాంకు ఖాతా, ఫోన్ చెల్లింపులు సిద్ధం చేసుకోండి.

దావాలో డ్రైవరు, ఆర్‌సీలో పేరున్న యజమాని, ట్రాన్స్‌పోర్టు కంపెనీ, బీమా సంస్థ నలుగురినీ ప్రతివాదులుగా చేర్చండి, ఎందుకంటే రేపు విచారణలో ఆ లారీ తమది కాదు, వేరొకరి దగ్గర అద్దెకు తీసుకుని అటాచ్ చేసుకున్న బండి అని కంపెనీ మాట మార్చవచ్చు. ప్రమాదం జరిగిన జిల్లాకే పోనక్కరలేదు, మీరు నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సెక్షన్ 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు దాఖలు చేయాలి. ఈ గడువు చెల్లుబాటును సుప్రీంకోర్టులో సవాలు చేసినవారున్నారు గాని, ఆ ఫలితం మీద ఆశ పెట్టుకుని మీరు ఆలస్యం చేయడం మంచిది కాదు. మీకు రెండు నెలలే ఉన్నాయి. న్యాయవాది ఫీజు భరించలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోండి. మహిళలకు ఆదాయ పరిమితితో పని లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది.