ఆ రోజు ఎక్కడున్నారని అడగబోతున్న బిడ్డకు

బిడ్డా,

ఇందిరాగాంధీ చనిపోయిన రోజు ఎవరెవరు ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో ఊరూరా తిరిగి రికార్డు చేస్తావట. మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంటి పిల్లకు ఈ ఆలోచన వచ్చిందని ఆ పూటంతా కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి పడుకున్నాక మాత్రం నువ్వు ఒక్కదానివే స్కూటీ మీద రామాయంపేట, చేగుంట, నర్సాపూర్ తిరగడం తలుచుకుని టెన్షన్ పట్టుకుంది. పేపరుకు వార్తలు రాస్తూ ఈ జిల్లాలో ఎన్నో గడపలు తొక్కినవాణ్ని. నాకు తెలిసింది చెప్తాను, విను.

చిన్న సంగతులు ముందు. ఫోను నిండా చార్జింగ్ పెట్టుకో, నీళ్ల సీసా మర్చిపోకు. రికార్డు చేస్తున్నానని చెప్పి, వాళ్లు సరే అన్నాకే బటన్ నొక్కు. మొదట్లో తేదీ, ఊరు, మనిషి పేరు నీ గొంతుతో చెప్పు. చీకటి పడకముందే ఇల్లు చేరు. ఈ ఆఖరిది మాత్రం సలహా అనుకోకు.

వెళ్లేముందు ఆ రోజు సంగతి నీకు క్షుణ్ణంగా తెలిసి ఉండాలి. 1984 అక్టోబరు 31, బుధవారం. పొద్దున తొమ్మిది దాటాక, ఢిల్లీ సఫ్దర్‌జంగ్ రోడ్డులోని ఇంటి నుంచి పక్కనే ఉన్న అక్బర్ రోడ్డు ఆఫీసుకు నడిచి వెళ్తుంటే, కాపలా ఉండాల్సిన ఇద్దరు సిక్కు గార్డులే ఆమెను కాల్చారు. ఎయిమ్స్‌కు తీసుకుపోయారు, దక్కలేదు. ఆ సాయంత్రమే రాజీవ్‌గాంధీ ప్రధానిగా ప్రమాణం చేశారు. దేశానికి ప్రధాని పోతే మెదక్‌కు ఎంపీ కూడా పోయింది. 1980లో ఆమె రాయబరేలీలోనూ ఇక్కడా గెలిచి, రాయబరేలీ వదులుకుని మెదక్‌ను ఉంచుకున్నారు. ఆమె మీద ఓడింది మన జైపాల్‌రెడ్డే. అందుకే మనవాళ్లు ఆ రోజు గురించి చెప్పేటప్పుడు ఢిల్లీ వార్త చెప్పినట్టుండదు, ఇంట్లో మనిషి పోయినట్టుంటుంది.

కొందరు రెండు చావులను కలిపేస్తారు. ఆరుబయట మంచాలు వేసుకుని పడుకున్నామని, తెల్లారి లేచేసరికి తెలిసిందని ఎవరైనా చెబితే, అది బహుశా రాజీవ్‌గాంధీ పోయిన రోజు. 1991 మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరులో ఆయన చనిపోయారు, ఊళ్లకు మర్నాడు తెలిసింది. ఇందిరమ్మ పోయింది దీపావళి వెళ్లిన వారానికి. చేతిలో కొడవలి ఉందా, కల్లంలో వడ్లున్నాయా, చలి మొదలైందా అని అడుగు. కాలం తెలిస్తే రోజు అదే తేలుతుంది. టీవీలో చూశామని చెప్పేవాళ్లు ఎక్కువమంది నవంబరు 3న జరిగిన అంత్యక్రియలు చూసినవాళ్లు. ఊరికి ఒకటో రెండో టీవీలు, అవీ ఉన్న ఊళ్లలోనే.

ఇంకో సంగతి. ఆ ఏడాది ఆగస్టు 16న ఎన్టీఆర్‌ను ముఖ్యమంత్రి పదవి నుంచి దించేశారు, మళ్లీ నెలకు కూర్చోబెట్టారు. ఇదంతా ఆమే చేయించిందని ఆ నెలరోజులూ ఇందిరమ్మను తిట్టిపోసినవాళ్లే అక్టోబరులో గుండెలు బాదుకుని ఏడ్చారు. డిసెంబరు ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్‌కు నాలుగు వందలకు పైగా సీట్లొస్తే, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో 30 సీట్లు తెలుగుదేశానికి ఇచ్చారు. ఆ కోపమూ నిజమే, ఆ ఏడుపూ నిజమే. నీ ముందు మాత్రం ఏదో ఒకటే చెప్తారు, రెండోది దాచుకుంటారు. తొందరపడకుండా రెండోది కూడా రానివ్వు.

ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెప్తాను. ఇందిరమ్మ పోయిన పదేళ్లకు, ప్రత్యేక సంచిక కోసమని పట్నం నుంచి ఒక పెద్ద విలేకరి వచ్చాడు. ఊళ్లు చూపించడానికి నన్ను వెంట తీసుకుపోయాడు. చేగుంట పక్కన ఒక పల్లెలో మిలిటరీలో పనిచేసి వచ్చిన ముసలాయన ఉండేవాడు. ఆయన దగ్గర గోధుమరంగు తోలు కవరులో ఒక ట్రాన్సిస్టర్. భుజానికి తగిలించుకునే పట్టీ తెగితే జనపతాడుతో ముడేశాడు. బ్యాటరీలు నీరసిస్తే తీసి గోడ మీద ఎండబెట్టి మళ్లీ వేసుకునేవాడు. మేం పోయినప్పుడు కూడా అది ఆయన ఒళ్లోనే ఉంది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. 'బువ్వ తిని జొన్నచేను కాడ మంచె మీద కూసున్న. పొద్దు వాలకముందే రేడియోల చెప్పిండ్రు, ఇందిరమ్మ పోయిందని. దిగి ఊళ్లెకు ఉరికొచ్చిన.'

విలేకరి చేతిలో ఫైలుంది. అందులో ఆ రోజు ఏ గంటకు ఏం జరిగిందో అంతా ఉంది. మరణవార్తను ఆకాశవాణి సాయంత్రం దాకా చెప్పలేదు కదా, నువ్వు మధ్యాహ్నం ఎట్లా విన్నావని అందుకున్నాడు. అరుగు నిండా జనం, ఇంటి కోడళ్లు, మనవళ్లు. గుర్తు లేకపోతే లేదని చెప్పు, అబద్ధం దేనికి అని గట్టిగా నవ్వాడు. మనవళ్లు కూడా నవ్వారు. ముసలాయన ఏమీ అనలేదు. తోలు కవరు గుండీ పెట్టుకున్నాడు. 'నాకు యాది లేదు సారూ' అని లేచి లోపలికి పోయాడు.

ఆ తర్వాత ఆయన కొడుకు నాతో చెప్పాడు. మిలిటరీలో ఉన్నప్పటి నుంచి బీబీసీ పెట్టుకునే అలవాటట ఆయనకు. ఆ రోజు ఆకాశవాణి కంటే చాలా ముందే బీబీసీ ఆ వార్త చెప్పింది. ఫైల్లో ఉన్నది తప్పు కాదు, ముసలాయన చెప్పిందీ తప్పు కాదు. 'ఏ స్టేషను తాతా?' అని ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది. నేను మళ్లీ పోయాను. మజ్జిగ ఇప్పించాడు, వానల గురించి మాట్లాడాడు, ఆ రోజు సంగతి మాత్రం నోటికి రానివ్వలేదు. రెండు మూడేళ్లకు పోయాడు. చేను నుంచి ఉరికొచ్చి మొదట ఎవరికి చెప్పాడో, ఊరు నమ్మిందో లేదో, ఇట్లాంటి మాట ఎట్లా అంటావని ఆయన మీద ఎవరైనా కోప్పడ్డారో, అవన్నీ ఆయనతోనే పోయాయి. ఇప్పుడు ఎవరిని అడిగినా దొరకవు.

అందుకే చెప్తున్నాను. మనిషి ముందు ఎన్నడూ తప్పు పట్టకు. అనుమానం వస్తే ఇంటికొచ్చి నోటుబుక్కులో రాసుకో. అట్లాగని చెప్పిందల్లా అట్లాగే జరిగిందనుకోవడానికీ లేదు. 1986లో అమెరికాలో చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయిన మర్నాడే, ఆ వార్త ఎక్కడ, ఎట్లా విన్నారో ఒక ప్రొఫెసర్ కాలేజీ పిల్లల చేత రాయించి పెట్టాడు. రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ అడిగితే చాలామంది ఇంకేదో చెప్పారు. తాము రాసిన కాగితమే చూపించినా, ఇప్పుడు చెప్పిందే నిజమని కొందరు పట్టుబట్టారు. చదువుకునే పిల్లల సంగతే అది. మనవాళ్లకు నలభై ఏళ్లు దాటింది. మాట మారితే మోసమని కాదు. రెండూ రాసి పెట్టు, చదివేవాళ్లు చూసుకుంటారు.

ఆడవాళ్లు 'నాకేమెరుక బిడ్డా, మీ తాతనడుగు' అంటారు. ఆ మాట పట్టుకుని తాత దగ్గరికి పోయావో, నాకు కోపమొస్తుంది. ఆమె వంటింట్లో ఉంటే అక్కడే పీట వేసుకుని కూర్చో, చిక్కుళ్లు తుంచుతూ అడుగు. ఇందిరమ్మ గురించి కాకుండా ఆ పొద్దున ఇంట్లో ఏం పని నడుస్తుందో అడుగు. అప్పట్లో బడి పిల్లలుగా ఉన్నవాళ్లు ఇంకో రకం. బడికి సెలవిచ్చారని ఎగురుకుంటూ ఇంటికి వచ్చినవాళ్లు ఉంటారు. యాభై దాటాక ఆ మాట చెప్పడానికి సిగ్గుపడతారు. నువ్వు ముఖం చిట్లించకు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి అదే గుర్తుంటుంది.

హైదరాబాద్‌లో అత్తాపూర్ వైపు సిక్కు ఛావనీకి కూడా వెళ్తావన్నావట. నాకు ఎక్కువ భయం దీని గురించే. నిజాం అడిగితే పంజాబ్ మహారాజు రంజిత్ సింగ్ లాహోర్ నుంచి పంపిన ఫౌజులో వచ్చినవాళ్ల సంతతి వాళ్లు, దాదాపు రెండు వందల ఏళ్ల నుంచి ఇక్కడివాళ్లే. ఆ రోజు ఎక్కడున్నారంటే మనకు జ్ఞాపకం, వాళ్లకు ప్రాణభయం. ఢిల్లీలో ఆ నాలుగు రోజుల్లో చంపేసిన సిక్కులు అధికారిక లెక్క ప్రకారమే 2,733 మంది. ఎవరి చుట్టాలు అందులో ఉన్నారో నీకు తెలియదు. ముందు ఒకరోజు ఊరికే పోయి పరిచయం చేసుకో, ఫోను బయటికి తీయకు. మాట్లాడమంటే అక్టోబరు 31 దగ్గర ఆపేయకు, తర్వాతి రోజులు అడుగు. వద్దంటే దండం పెట్టి వచ్చెయ్.

ఆ సాయంత్రం నేను రామాయంపేటలో నాగ్‌పూర్ రోడ్డు మీద ఉన్నాను. దుకాణాల షట్టర్లు దిగుతున్నాయి. ఒక సర్దార్జీ లారీ ఆపి మంచినీళ్లు అడిగాడు. ఏం జరిగిందో అప్పటికి తెలియదు అతనికి. హోటలాయన చెప్పగానే గ్లాసు పట్టుకున్న చేయి వణికింది. లారీని రైసుమిల్లు వెనక పెట్టించి, అతన్ని లోపల పడుకోబెట్టారు. ఎప్పుడు బయల్దేరాడో, ఇల్లు చేరాడో లేదో నాకు తెలియదు. అతని ఊరేదో కూడా అడగలేదు మేం ఎవరమూ.

మన ఊళ్లోనే మొదలుపెట్టు. మీ నాయనమ్మ చెల్లెలు ఉంది కదా, ఇందిరమ్మ మెదక్ వచ్చినప్పుడు జీపు పక్కనే పరుగెత్తిన మనిషి. కార్తె మారిన దగ్గర్నుంచి ఒంట్లో బాగుండడం లేదు. వానలు పడ్డాక వస్తానని వాయిదా వేయకు, వచ్చే ఆదివారమే రా. ఆమెకు పొద్దున పూటే మాట స్పష్టంగా ఉంటుంది, పది లోపు వచ్చెయ్. నేను పక్కనుంటే నన్నే చెప్పమంటుంది, కాబట్టి నేను బయట వేపచెట్టు కింద కూర్చుంటాను. బత్తాయిలు తెస్తే పండినవి చూసి తీసుకురా, పుల్లవి తినదు.

మీ పెద్దనాన్న