డీడీజీఎస్ మేపాక పాలు తగ్గాయి, జలగ మందు పనిచేయలేదు

ప్రశ్న: నాకు నాలుగు ముర్రా గేదెలున్నాయి. నూనెగింజల చెక్క ధర పెరిగిందని రెండు నెలలుగా నూకల ఇథనాల్ ఫ్యాక్టరీలో మిగిలే ఎండు పిప్పి, అదే డీడీజీఎస్, ఒక్కోదానికి రోజుకు 3 కిలోలు పెడుతున్నాను. ప్రొటీన్ 45 శాతం ఉంటుందని డీలర్ చెప్పాడు. పూటకు 5 లీటర్లిచ్చే గేదె 3 లీటర్లకు దిగింది. పేడ పలచన, దాణా సగం వదిలేస్తున్నాయి. కాలేయంలో చేరే జలగ పురుగులనుకుని రెండుసార్లు మందు తాగించాను. గుణం లేదు. ఏ మందు వాడాలి? మిగిలిన పది బస్తాలు చేపల చెరువులో వేయవచ్చా?
– ఒక రైతు, ఆచంట మండలం, పశ్చిమగోదావరి

జవాబు: మీరు పంపిన ఫొటోలో బస్తా కుట్టు దగ్గర దాణా గడ్డకట్టి, ఆకుపచ్చ పొడిలా బూజు కనిపిస్తోంది. జలగలను కాదు, ముందు ఆ బూజును అనుమానించాలి. పేడ పరీక్ష చేయించకుండా మూడోసారి జలగ మందు తాగించకండి. ఇప్పటికే నీరసించిన కాలేయంపై అదనపు భారం పడుతుంది.

నూకల్లోని పిండి పదార్థం ఇథనాల్‌గా మారిపోతే ప్రొటీన్ చిక్కబడుతుంది. నూకల్లో అఫ్లాటాక్సిన్ (కాలేయాన్ని దెబ్బతీసే బూజు విషం) ఉంటే అదీ అలాగే మూడింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ అవుతుంది. ఆపైన మన డెల్టా తేమ, గచ్చు మీద వేసిన బస్తాలు!

ఈ రోజే ఆ మేత ఆపేయండి. తవుడు, పాత చెక్కకు మళ్లండి. 100 కిలోల దాణాకు బెంటొనైట్ మట్టి రకం టాక్సిన్ బైండర్ (విషాన్ని పట్టి ఉంచే పొడి) అర కిలో కలపండి. గేదెకు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వండి. లివర్ టానిక్ మీ పశువైద్యుడు చూసి రాస్తారు. మేత ఆపాక ఐదు రోజులు పాలు కేంద్రంలో పోయకండి, ఇంట్లో పిల్లలకూ పట్టకండి. ఈ విషం పాలలోకి దిగుతుంది, కాచినా పోదు.

డీడీజీఎస్ చెడ్డదని నేననను. మంచి సరుకైతే చవకలో మంచి ప్రొటీన్. కానీ రోజుకు 10 లీటర్లిచ్చే గేదెకు కిలో చాలు. పావు కిలోతో మొదలుపెట్టి పది రోజుల్లో కిలోకు తేవాలి. తడి రకం రెండు రోజుల్లో వాడేయాలి. డీలర్ చెప్పిన 45 శాతాన్ని నమ్మే ముందు ఒక మాట. ల్యాబ్‌లో నత్రజనిని కొలిచి ప్రొటీన్ లెక్క కడతారు, యూరియా కలిపినా ఆ అంకె పెరుగుతుంది. గుప్పెడు దాణాలో చెంచాడు పచ్చి సోయా పిండి, గోరువెచ్చని నీళ్లు పోసి మూతపెట్టండి. అరగంటకు మూత తీస్తే ముక్కు మండేలా అమోనియా వాసన వస్తే బస్తా వెనక్కి పంపండి. కమీషన్ తీసుకునే మనిషిని మేత ఎంత పెట్టాలని అడగడం ఎందుకండీ?

చెరువులో వేయొద్దు. చేప కాలేయానికీ ఇదే విషం, మిగిలింది కుళ్లి నీటిలో ఆక్సిజన్ లాగేస్తుంది. గోబర్ గ్యాస్ ప్లాంటు ఉంటే అందులో వేయండి. రెండు ఘనపు మీటర్ల ప్లాంటైతే రోజూ వేసే 50 కిలోల పేడతో కిలోకు మించకుండా కలపండి. ఎక్కువైతే పులిసి గ్యాస్ ఆగిపోతుంది. బస్తా విప్పేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

ప్లాంటులో వేసేముందు ఐదు బస్తాల మధ్య నుంచి తలా గుప్పెడు తీసి అర కిలో నమూనా చేయండి. పాలిథిన్ కవరులో కాకుండా గుడ్డ సంచిలో వేసి, నాలుగు గేదెల పేడతో పాటు పరీక్షకు పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్లండి.