కోడలి పూర్వీకుడి పొలం గట్టు

ప్రశ్న: మా కోడలు అమెరికా పిల్ల. వాళ్ల పూర్వీకుడొకాయన 1760ల్లో వర్జీనియాలో పొగాకు పండించాడట. ఇంట్లో పాత బైబిల్లో పేరు, పెళ్లి తేదీ తప్ప ఇంకేం లేవు. ఆయన తల్లిదండ్రులెవరో తెలిసేదెలా?
– ఒక అత్తగారు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ బైబిల్ ఏ సంవత్సరం అచ్చయిందో చూడమనండమ్మా. 1820లో అచ్చయిన పుస్తకంలో 1760 నాటి పెళ్లి ఉందంటే, అది తర్వాతెప్పుడో రాసిందే.

జనాభా లెక్కల్ని నమ్ముకోకండి. మొదటిది 1790లో. అందులో ఇంటిపెద్ద పేరొక్కటే ఉంటుంది. మిగతావాళ్ల పేర్లు 1850 నుంచే (బానిసలకు అదీ లేదు).

అసలు సరుకు కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు కాగితాల్లో ఉంటుంది. మహారాణిపేటలో ముప్పయ్యేళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి, నా మాట వినండి: కొన్నవాడి పేరు చూసి ఆగిపోకండి, సరిహద్దులూ సాక్షులూ చదవండి. పక్క పొలం బావమరిదిదే కావచ్చు. అప్పట్లో అక్కడ భర్త పోతే అతని భూమిలో మూడో వంతు మీద భార్యకు జీవితాంతం హక్కు ఉండేది. అందుకే భర్త భూమి అమ్మేటప్పుడు ఆమెను విడిగా అడిగి ఒప్పుకోలు రాసుకునేవారు. ఆమె పేరు అక్కడ దొరుకుతుంది. వీలునామాలో ఒక కొడుకు లేకపోతే, వాటా ముందే ఇచ్చేసి ఉండొచ్చు. ‘జూనియర్’ అన్నా కొడుకే కానక్కర్లేదు, అదే పేరున్న చిన్నవాడు కావచ్చు.

2022లో మన అనకాపల్లి విడిపోయినట్టే అక్కడా కౌంటీలు చీలాయి. పాత కాగితాలు మామూలుగా తల్లి కౌంటీలోనే ఉంటాయి. వెతుకులాట అక్కణ్ణుంచి మొదలెట్టమనండి.