జబ్బు చేసిన తేనెటీగల పెట్టెను కాల్చాలా, కడిగి వాడుకోవచ్చా?

పిల్ల పురుగులు పెరిగే మైనపు గదుల మూతలు కుంగి చిల్లులు పడ్డాయి, పెట్టె తెరిస్తే కుళ్లు వాసన కొడుతోంది, ఎండబెట్టి మళ్లీ వాడొచ్చా అని అడిగారు. ముందు ఏ జబ్బో తేల్చుకోండి. కుంగిన మూతలోకి అగ్గిపుల్ల దించి, చచ్చిన పురుగును కలిపి మెల్లగా పైకి లాగండి. కాఫీ రంగు జిగురు రెండు మూడు సెంటీమీటర్లు తీగలా సాగితే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్. మూత పడకముందే పురుగు మెలికలు తిరిగి పసుపుపచ్చగా చచ్చి, తీగ సాగకపోతే యూరోపియన్ ఫౌల్‌బ్రూడ్ కావచ్చు. తల పైకెత్తి పడవలా ఉండి, నీటి సంచిలా ఊడివస్తే శాక్‌బ్రూడ్. 1991–92లో దక్షిణాదిన మన నాటు ఈగలను ఊడ్చేసింది దీని థాయ్ రకమే. ఈ చివరి రెండూ మరీ ముదరకపోతే పిల్ల పురుగులున్న తేనెపట్లు మాత్రం కాల్చి, పెట్టె గీకి, ఐదు లీటర్ల నీళ్లకు కిలో వాషింగ్ సోడా కలిపి కడిగితే సరిపోతుంది.

తీగ సాగితే మాత్రం బేరాల్లేవు, ఈగలను, పట్లను కాల్చాల్సిందే. ఆ జబ్బు తెచ్చే బాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకున్న విత్తనాల్లాంటివి) చెక్కలో 35 ఏళ్లు దాటినా బతికే ఉంటాయి. ఎండకు చావవు. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాటిని చంపదు, జబ్బును కొన్నాళ్లు దాచిపెడుతుంది, పైగా తేనెలో మిగులుతుంది.

పగలే అర మీటరు లోతు గొయ్యి తీసిపెట్టుకోండి, గడ్డివాములకు, కరెంటు తీగలకు దూరంగా. చీకటిపడి ఈగలన్నీ లోపలికి చేరాక ద్వారం తడిగుడ్డతో మూయండి. పగలు చేస్తే మేతకెళ్లిన ఈగలు పక్క పెట్టెల్లో దూరి జబ్బు అంటిస్తాయి. ఐదు లీటర్ల నీళ్లలో పావు లీటరు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి ఫ్రేముల (పట్లుండే చెక్క చట్రాల) మధ్య పోస్తే లోపలి ఈగలు నిమిషాల్లో చస్తాయి. పెట్రోలు పోసేవాళ్లూ ఉన్నారు. ఆవిరి పెట్టెలో నిలిచి, అగ్గి చూపగానే భగ్గుమంటుంది. ఇంటి పెరట్లో ఆ పని వద్దు.

కట్టెలు బాగా మండాక ఖాళీ పట్లు ముందు వేయండి, తేనె ఫ్రేములు తర్వాత ఒక్కొక్కటిగా. అన్నీ ఒకేసారి పడేస్తే తేనె కరిగి మంటను నొక్కేస్తుంది. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే: చట్రం కాలిపోతుంది, తేనె అడుగున మిగులుతుంది, తెల్లారేసరికి చుట్టుపక్కల ఈగలన్నీ దాని మీదే. మనుషులకు హాని లేదు కదా అని ఆ తేనె పిండి పెట్టుకోవద్దు, కడిగిన సీసా అడుగున మిగిలిందీ ఈగలకు జబ్బు అంటడానికి చాలు. మండే మైనం మీద నీళ్లు పోయకండి, చిమ్ముతుంది. చచ్చిన ఈగలు, గుడ్డలు, గీకిన తుక్కు అన్నీ మంటలోకే. చివర్న బూడిద మీద అడుగు మందాన మట్టి కప్పండి.

పెట్టె చెక్క గట్టిదైతే మిగుల్చుకోవచ్చు. మైనం, బంక శుభ్రంగా గీకి, బ్లో ల్యాంపుతో లోపలంతా కాఫీ పొడి రంగు తిరిగేదాకా కాల్చండి. మూలలు, ఫ్రేములు ఆనే గాడి మరవొద్దు. చెక్క చీలి ఉంటే అదీ గొయ్యిలోకే, పాత సామాన్ల వాడికి మాత్రం వేయకండి. ఈగలకు పంచదార పాకం పోసే ప్లాస్టిక్ ఫీడరును జిడ్డు పోయేలా కడిగాక, 5 శాతం బ్లీచ్ ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి 20 నిమిషాలు నానబెట్టండి.

మిగతా పెట్టెల మధ్య ఆరు వారాలు ఫ్రేములు మార్చకండి. వారం పది రోజులకోసారి ఈగలను దులిపి ప్రతి పిల్ల ఫ్రేమునూ వెలుతురులో చూడండి, అనుమానం వస్తే మళ్లీ అగ్గిపుల్ల.