అనస్థీషియాలో చేరుతున్న మేనకోడలికి

చి. సింధుకు అత్త ఆశీస్సులు.

నిన్న మీ నాన్న ఫోన్ చేసి "దానికి పీజీలో అనస్థీషియా సీటు వచ్చిందే" అన్నాడు. ఆ గొంతు విని నువ్వు పరీక్ష తప్పావేమో అనుకున్నాను. వచ్చే ఏడు మళ్ళీ రాయమని నీకు నచ్చజెప్పమని నన్నే అడిగాడు. నేను జీవితమంతా చేసింది ఆ మత్తు డాక్టర్ పనేనన్న సంగతి ఆ నిమిషంలో ఆయనకి గుర్తు రానట్టుంది. తర్వాత తెలిసింది, నువ్వు కోరే ఆ బ్రాంచి పెట్టుకున్నావని. ఎంత పొంగిపోయానో అంత దిగులూ పట్టుకుంది.

సర్టిఫికెట్లకి రెండేసి జిరాక్సులు తీయించుకో. రోజంతా నిలబడగలిగే చెప్పులు కొనుక్కో. టిఫిన్ తినకుండా ఆపరేషన్ థియేటర్‌కి వెళ్ళకు. సిరంజిలోకి మందు తీయగానే పేరు రాసి అంటించు, పేరు లేనిది ఎవరిచ్చినా పారెయ్. మిగతావి సీనియర్లు నేర్పుతారు. తోటి డాక్టర్లు నిన్ను ఎలా చూస్తారో మాత్రం వాళ్ళు చెప్పరు.

మొదట్లో నీకు పేరుండదు. "అనస్థీషియా, టేబుల్ కొంచెం పైకి" అంటారు, ఫ్యాను వేయమన్నట్టు. నువ్వు ఒక ఇంజెక్షన్ చేసి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటావని నీతో ఎంబీబీఎస్ చదివినవాళ్ళే జోకులేస్తారు. ఆపరేషన్ బాగా జరిగితే స్వీట్ల డబ్బా సర్జన్ గారి గదికి వెళ్తుంది. జరగకపోతే పేపర్లో "మత్తు వికటించి" అని పడుతుంది. నర్సింగ్ హోముల్లో అయితే నిన్ను కేసుకి పిలిచేది సర్జనే, నీ ఫీజు వచ్చేదీ చాలాసార్లు ఆయన చేతిమీదుగానే. అసలు తంటా అక్కడే ఉంది.

అలాగని మన విలువ వాళ్ళకి తెలియదనుకోకు. అదే సర్జన్ తన తల్లికి ఆపరేషన్ అనగానే "మత్తు ఎవరిస్తున్నారు?" అని అడుగుతాడు. మీ నాన్న కూడా గాల్ బ్లాడర్ ఆపరేషన్‌కి నేను పక్కన ఉంటే తప్ప బల్ల ఎక్కనన్నాడు, ఈసారి ఏమైనా అంటే అది గుర్తు చెయ్. కోవిడ్‌లో రోగి మొహం మీదికి వంగి గొంతులో గొట్టం వేసినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. అప్పుడు మన పేర్లు, ఫోన్ నంబర్లు అందరికీ కావలసి వచ్చాయి.

ఇక అసలు భయం చెబుతాను. నాతో పీజీ చేసిన ఒకతను ఉండేవాడు. మా అందరికంటే చెయ్యి నేర్పరి, స్పైనల్, అదే నడుములో ఇచ్చే మత్తు సూది, ఒక్క పోటుతో పడేది. ఒక చిన్న ఆసుపత్రిలో అతనికి "కేసులు ఆపే డాక్టర్" అని పేరు పెట్టారు. బీపీ ఎక్కువుందని ఒకటి, రక్తం తక్కువుందని ఒకటి వాయిదా వేయించాడు, అంతే. సర్జన్లు వేరేవాళ్ళని పిలవడం మొదలుపెట్టారు. ఆ మాట అతన్ని తినేసింది. తర్వాత ఒక హెర్నియా కేసు. పొద్దున ఇడ్లీ తిని పాల టీ తాగానని రోగి బల్ల మీదికొచ్చాక చెప్పాడు. ఆరు గంటలు ఆగాలి. మంచినీళ్ళయితే రెండు గంటలు చాలు గాని పాలు, ఇడ్లీ అలా కాదు. సర్జన్ గడియారం చూసి "నడుములో ఇచ్చేదే కదా, మెలకువగానే ఉంటాడు" అన్నాడు. మావాడు సరేనన్నాడు. ఆ రోజు స్పైనల్ సగమే పట్టింది. కోత పెట్టాక రోగి అరిచాడు. పూర్తి మత్తు ఇవ్వక తప్పలేదు. మత్తు ఎక్కుతుండగా పొట్టలోది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగింది. మనిషి వెంటిలేటర్ మీదికి వెళ్ళి, తిరిగి రాలేదు. ఇంట్లోవాళ్ళకి సర్జన్ చెప్పింది "మత్తు వికటించింది" అని. అందులో అబద్ధమేముంది? సంతకం మావాడిదే. ఆ తర్వాత అతను ఎక్కడా గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. అతని తప్పు చదువులో లేదే తల్లీ, నలుగురిలో మంచివాడనిపించుకోవాలన్న ఆశలో ఉంది. నీకూ చిన్నప్పటినుంచి ఆ గుణం ఉంది. పక్కింటి పిల్లలు నీ సైకిల్ తీసుకెళ్ళి విరగ్గొట్టినా నవ్వుతూ నిలబడ్డావు. అందుకే నాకీ కంగారు.

సర్జన్ గొప్పవాడైతే మరీ జాగ్రత్త. మన హైదరాబాదులో లారీ అనే సర్జన్ ఉండేవాడు. ఆనాటి మత్తుమందు క్లోరోఫాం ఇచ్చేటప్పుడు ఊపిరి చూస్తే చాలు, నాడి అక్కర్లేదని ఆయన పట్టుదల. అది తేల్చడానికి 1888లో, 1889లో రెండు కమిషన్లు నడిచాయి. రెండోదానికి నిజాం డబ్బిచ్చి లండన్ నుంచి డాక్టర్ని రప్పించాడు. రెండూ లారీకి వంతపాడాయి. క్లోరోఫాం గుండెనే నేరుగా ఆపగలదని ఆ తర్వాత తేలింది. ప్రపంచంలోని మొదటి మహిళా అనస్థటిస్టుల్లో ఒకరని చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ రోజుల్లో ఆయన దగ్గర చదువుకున్నదే. వీలైనప్పుడు ఆవిడ గురించి చదువు. మీ నాన్నకీ చదివించు.

ఇంకొకటి, ఇది ఇంట్లో అనకు. ఫెంటానిల్ లాంటి గట్టి నొప్పి మందు మన చేతికి అందుబాటులో ఉంటుంది. రాత్రి డ్యూటీలు, ఒంటరితనం, అలసట కలిసి మన వృత్తిలో కొందరు దానికి బానిసలయ్యారు. వాడినది, మిగిలినది ఇంకొకరి ఎదుటే రిజిస్టర్లో రాయి. నిద్ర పట్టకపోతే, ఏడుపొస్తే, ఎవరికో ఒకరికి చెప్పు. నాకు చెబితే ఇంకా మంచిది.

"కేసులు ఆపే డాక్టర్" అని నీకు మొదటిసారి పేరు పెట్టినరోజు ఫోన్ చెయ్, అర్ధరాత్రైనా సరే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం చెయ్యకు, నిద్రపోతాను.

మీ అత్త