టెక్ సందేహాలు: తెర మీది త్రిభుజం, చేతిలోని కాగితం

సందేహం: గాజువాక దగ్గరి ఉన్నత పాఠశాలలో ఏడో తరగతికి గణితం చెబుతున్నాను. తరగతిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద తెర) ఉన్నా నెట్ నిలకడగా ఉండదు. ఆకారాలు గీసి కొలిచే గణిత సాఫ్ట్‌వేర్ జియోజెబ్రాలో త్రిభుజం గీసి కోణం కొలిస్తే 53.33 డిగ్రీలు రావలసిన చోట 306.67 వస్తోంది. వేరే సాఫ్ట్‌వేర్ కొనాలా?

జవాబు: అక్కర్లేదు. యాంగిల్ టూల్ మీరు తాకిన మొదటి బిందువు వైపు నుంచి మూడో బిందువు వైపుకు, గడియారపు ముల్లు తిరిగే దిశకు వ్యతిరేకంగా కొలుస్తుంది కనుక, తాకే క్రమం తిరగబడితే లోపలి కోణానికి బదులు 360 డిగ్రీలలో మిగిలిన భాగాన్ని చూపుతుంది. శీర్షాన్ని నడుమనే ఉంచి, మొదటి, మూడో బిందువులను తారుమారు చేసి తాకండి. నెట్ బెడద తప్పాలంటే నెట్ లేకుండా పనిచేసే జియోజెబ్రా క్లాసిక్ 5 కూర్పును ల్యాప్‌టాప్‌లో ఒకసారి ఎక్కించుకుని, హెచ్‌డీఎంఐ తీగతో ప్యానెల్‌కు కలిపితే చాలు. 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ పాఠశాల బోధనకు ఇప్పటికీ ఉచితమే.

అయితే ప్యానెల్ వెలిగించే ముందు ఒక పని చేయించమని నా సలహా. పాత శుభలేఖల అట్టలతో ప్రతి విద్యార్థి చేతా తనకు నచ్చిన ఆకారంలో త్రిభుజం కత్తిరింపించి, మూడు మూలలకూ రంగు వేయించి, వాటిని చించి ఒక గీత మీద పక్కపక్కన పేర్పించండి. నలభై మంది త్రిభుజాలు నలభై రకాలుగా ఉన్నా, మూలలు మాత్రం ప్రతి బల్ల మీదా తిన్నని గీతకే, అంటే 180 డిగ్రీలకే, సరిపోతాయి. ఆ తరువాత తెర మీద పై శీర్షాన్ని ఆధార భుజం దాకా మెల్లగా లాగుతూ, ఏ కోణం పెరుగుతుందో, ఏవి తరుగుతాయో ముందుగా పిల్లల చేతే చెప్పించండి. శీర్షం భుజాన్ని తాకబోయే క్షణంలో ఒక కోణం 180కి, మిగిలిన రెండూ సున్నాకు చేరువవుతాయి. అట్టతో ఇది సాధ్యం కాదు. తెర అక్కరకొచ్చేది ఇక్కడే.

చురుకైన పిల్లవాడెవరో 53.33, 53.33, 73.33 కూడి మొత్తం 179.99 వచ్చిందని లేచి నిలబడవచ్చు. అతణ్ని కూర్చోబెట్టకండి, ఆ రోజు పాఠం అదే. తెర మీద కనిపించేవి రెండు దశాంశ స్థానాలకు సవరించిన విలువలు. ఇన్‌పుట్ పెట్టెలో మూడు కోణాల పేర్లను కూడిక గుర్తులతో రాస్తే, అసలు విలువలను కూడి 180 అనే చూపుతుంది.

వైశాల్యం పాఠానికి జియోబోర్డు (వరుసగా మేకులు కొట్టి, రబ్బరు బ్యాండ్లతో ఆకారాలు చేసే పలక) చేయించదలిస్తే ఇనుప మేకులు వద్దు. మన సముద్రపు గాలికి ఇట్టే తుప్పు పడతాయి, ఇత్తడివి కొట్టించండి.

సందేహం: సీతమ్మధారలో ఉంటాం. ఆరో తరగతి చదివే మా అబ్బాయి 2 + 3 × 4 అని నొక్కితే ఫోన్ 14 అంటోంది, కంప్యూటర్ 20 అంటోంది. ఏది చెడిపోయింది?

జవాబు: ఏదీ చెడిపోలేదు. విండోస్ క్యాలిక్యులేటర్ స్టాండర్డ్ పద్ధతిలో నొక్కిన వరుసలోనే లెక్క చేస్తుంది. మెనూలో సైంటిఫిక్ ఎంచుకుంటే అదీ 14 అనే చెబుతుంది. గుణకారం ముందు ఎందుకో అబ్బాయికి తెలియాలంటే, రెండు చింతపిక్కలు ఒక పక్కన పెట్టి, మరో పక్కన నాలుగేసి చొప్పున మూడు వరుసలు పేర్చి, మొత్తం ఎన్నో వాడినే లెక్కపెట్టమనండి.