పాఠకుల ప్రశ్నలు: పాత ల్యాప్‌టాప్‌కు ఏ లైనక్స్?

ప్రశ్న: మా ఇంట్లో 2015లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది. అయిదో తరం ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్. ఇక దీనికి విండోస్ కొత్తది ఎక్కదని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక దుకాణదారు చెప్పి, దాని బదులు లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకొమ్మన్నారు. లైనక్స్ రకాల్లో (డిస్ట్రోలు) ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్ అంటూ తలా ఒక పేరు చెబుతున్నారు. ఇంటర్ చదివే మా అమ్మాయి పాఠాలకూ, నేను తెలుగులో టైపు చేసుకోవడానికీ ఏది మేలు?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: దుకాణదారు చెప్పినది సరైనదే. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ ప్రాసెసర్లలో స్థూలంగా ఎనిమిదో తరానికి ముందువాటిని విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు.

మీరు విన్న నాలుగింటిలోనూ ఉన్నది లైనక్స్ కెర్నలే (హార్డ్‌వేర్‌ను నడిపించే మూల భాగం) కనుక, మీరు పట్టించుకోవలసిన తేడాలు రెండు: పైన అమర్చిన డెస్క్‌టాప్ (తెర మీద కనిపించే మెనూలు, విండోలు) ఎంత ర్యామ్ తీసుకుంటుంది, ఒకసారి వేసుకున్నాక భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి. ఫెడోరాలో ఒక్కో వెర్షన్‌కు సుమారు 13 నెలలే అప్‌డేట్లు వస్తాయి కాబట్టి, ఏటా వెర్షన్ మార్చే ఓపిక లేని ఇంటికి దానిని నేను సూచించను. డెబియన్ ఎంతో నిలకడైనది. వైఫైకి అవసరమయ్యే ఫర్మ్‌వేర్‌ను 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు కూడా. అయినా మొదటిసారి వాడేవారికి అందులో సర్దుకోవలసినవి కొంచెం ఎక్కువ. ఉబుంటు వాడే గ్నోమ్ డెస్క్‌టాప్ 4 జీబీ ర్యామ్‌కు బరువే.

అందుచేత లైనక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో వచ్చేదానిని ఎంచుకోండి. మింట్ 22 వరుసకు ఉబుంటు 24.04 ఆధారం కాబట్టి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి, ఉబుంటు కోసం ఎవరో రాసిన పరిష్కారాలు చాలావరకు ఇందులోనూ పనిచేస్తాయి. అయితే ఏ డిస్ట్రో వేసినా ర్యామ్‌ను మింగేది బ్రౌజరే. పాత హార్డ్‌డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ వేయించి, వీలైతే ర్యామ్‌ను 8 జీబీ చేయిస్తే, ఈ నాలుగింటి మధ్య ఎంపిక వల్ల వచ్చేదానికంటే ఎక్కువ వేగం వస్తుంది.

ఇన్‌స్టాల్ చేసే ముందు మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపించి వైఫై, శబ్దం, మూత వేసి తెరిచినప్పుడు మేలుకోవడం, ప్రింటర్ పరీక్షించండి. మన దగ్గర ప్రతి వీధిలోనూ కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 మీ ఇంట్లోనూ ఉంటే జాగ్రత్త; దానికి క్యాప్ట్ అనే ప్రత్యేక డ్రైవరు కావాలి, కొత్త లైనక్స్‌లలో దానిని పనిచేయించడం కష్టం. మొత్తం డిస్క్ మీద ఇన్‌స్టాల్ చేస్తే ఉన్నవన్నీ చెరిగిపోతాయి, కనుక ఫొటోలను ముందే వేరేచోట దాచుకోండి. తెలుగు టైపింగుకు ఐబస్ అనే టైపింగ్ సాధనంతో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ రెండూ దొరుకుతాయి.

ప్రశ్న: అమీర్‌పేటలో లైనక్స్ అడ్మిన్ కోర్సులో చేరాను. అక్కడ సెంటాస్ 7 అనే లైనక్స్ మీద నేర్పుతున్నారు. నా ల్యాప్‌టాప్‌లోనూ అదే వేసుకోవాలా?
– ఒక విద్యార్థి, ఎర్రగడ్డ

జవాబు: వద్దు. సెంటాస్ 7కు అప్‌డేట్లు 2024 జూన్ 30తో ఆగిపోయాయి. కంపెనీలు వాడే రెడ్ హ్యాట్ లైనక్స్‌కు అనుగుణంగా తయారయ్యే ఆల్మాలైనక్స్ లేదా రాకీ లైనక్స్‌ను వర్చువల్ మెషీన్‌లో (మీ కంప్యూటరులోనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటరు) పెట్టుకోండి. పాడైతే తీసేసి మళ్లీ వేసుకోవచ్చు. ప్యాకేజీలు వేసే యమ్ స్థానంలో డీఎన్‌ఎఫ్ వచ్చింది కానీ, ఎస్‌ఈలైనక్స్ (భద్రత), సిస్టమ్‌డీ (సర్వీసుల నిర్వహణ) వంటివి తరగతిలో నేర్చినట్టే పనికివస్తాయి. ఉబుంటులో ప్యాకేజీలకు ఏపీటీ, భద్రతకు యాప్‌ఆర్మర్ ఉంటాయి కాబట్టి ఉద్యోగ ప్రకటనలు చూసి దానిని తర్వాత చేర్చుకోండి.

ప్రశ్న: చిక్కడపల్లిలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే పని. లైనక్స్‌కు మారవచ్చా?

జవాబు: ప్రస్తుతానికి మారకండి. పేజ్‌మేకర్‌కు లైనక్స్ వెర్షన్ లేదు. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలు) కావు కనుక, మీ పాత ఫైళ్లలోని పాఠాన్ని పేజీలు కూర్చే స్క్రైబస్ వంటి లైనక్స్ సాఫ్ట్‌వేర్‌లోకి తేవాలంటే ముందు యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్దుకోవాలి. ఆ పని జరిగేదాకా పాత విండోస్ కంప్యూటరును ఇంటర్నెట్‌కు కలపకుండా డీటీపీకే ఉంచుకొని, మెయిళ్లకూ బిల్లులకూ మరో కంప్యూటరులో మింట్ వాడుకోండి.